మృగం నంబరు స్కూటరు

ఆ రోజుల్లో మా కడప జిల్లాలో బండి కొనడం పెద్ద పని కాదు, దానికి నంబరు రావడమే పెద్ద పని. సంబంధం కుదుర్చుకునేటప్పుడు కూడా అంతగా ఆరా తీయని మనుషులు బండి నంబరు దగ్గరికి వచ్చేసరికి అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్లీ కూడి, తొమ్మిది తేలితే మిఠాయి పంచేవాళ్లు, ఎనిమిది తేలితే చావు కబురు విన్నట్టు కూలబడేవాళ్లు. (ఆ రోజులంటే ఏ తాతల కాలమో అనుకునేరు. రాష్ట్రం విడిపోయిన తర్వాతి సంగతే ఇది. నంబరు సెల్‌ఫోనుకు మెసేజ్‌గా వచ్చే కాలం అప్పటికే వచ్చేసింది.) మా ఇంట్లో మాత్రం ఈ కూడికల గోల లేదు. దొరలు జమ్మలమడుగులో మిషన్ పెట్టిన కాలంలోనే మా పూర్వీకులు బాప్తిస్మం తీసుకున్నారు. జాతకాలు, ముహూర్తాలు, రాహుకాలాలు మాకు లేవు. ఆ విషయంలో ఇరుగుపొరుగు కంటే రెండు మెట్లు పైనున్నామని నాకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఏ గంగలో కలిసిందో చెప్పడానికే ఇదంతా.

అప్పుడే బీఈడీ పూర్తి చేసి, చిలమకూరు దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. మా ఇల్లు ప్రొద్దుటూరులో. ఎర్రగుంట్ల దాకా బస్సులకు కొదవ లేదు గానీ అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కాలి. షేర్ ఆటో నిండితే గానీ కదలదు. నిండడమంటే మీరూ నేనూ అనుకునే నిండడం కాదు, డ్రైవరు కూర్చోవడానికి చోటు లేకుండా పోయినప్పుడే అది నిండినట్టు. నేను బడికి చేరేసరికి మొదటి పీరియడు సగమయ్యేది. మా హెడ్‌మిస్ట్రెస్ కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు పిలిచి కూర్చోబెట్టింది. "చూడు పాపా, నువ్వు బాగా చెప్తాండావు, పిల్లోల్లకు గూడా నువ్వంటే ఇష్టమే. అయితే నువ్వు వచ్చేసరికి వాళ్లు ఒకర్నొకరు కొట్టుకోని అలిసిపోయింటారు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి బెల్లుకు ముందే ఈడ ఉండల్ల. లేదంటే ఇంటికాడనే ఉండు" అంది. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. జీవితంలో మొదటిసారి నన్ను మేడం అని పిలిచింది ఆ పిల్లలే. అది పోతే మళ్లీ ఇంట్లో కూర్చుని బ్యాంకు పరీక్షలకు చదవాలి. నా లెక్కలు చూసిన ఏ బ్యాంకూ నన్ను గడప తొక్కనివ్వదని నాకు తెలుసు.

అందుకని మా నాయన స్కూటరు కొనిచ్చాడు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. స్కూటరు కనకాంబరం రంగుది. అది ఇంటికొచ్చిన రోజు నాకంటే ఎక్కువ సంబరపడింది మా జేజి, అంటే నాయనకు తల్లి. ఇంట్లో జేజి మాటే చట్టం. మా సంఘంలో కూడా అంతే, పాస్టరుగారే ఆమె ముందు ఆచితూచి మాట్లాడేవారు. (మేము ఆయన్ని అయ్యగారు అంటాం.) అయ్యగారిని పిలిపించి, హ్యాండిల్ మీద చేయి పెట్టించి, బండికి ప్రార్థన చేయించింది. వీధి చివర దాకా వినపడేట్టు ఆమెన్ చెప్పింది. ఇంకా అసలు నంబరు రాలేదు, షోరూము వాళ్లు ఇచ్చిన తాత్కాలిక నంబరు కాగితమే వెనక అంటించి ఉంది. ఆ కొద్ది రోజులూ జేజి వెనక సీటు వదల్లేదు. చర్చికి, సంతకు, తన ఈడు ముసలమ్మల ఇళ్లకు తిప్పించుకుంది. "గుర్రం మాదిరి పోతాందే" అని నా వీపు తట్టేది.

ఒక సాయంత్రం అందరం సంగటి తింటున్నాం. నాయన ఫోను టింగుమంది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, తరగతిలో లెక్క చదివినట్టు చదివాడు. "నంబరు వచ్చె పాపా. తొమ్మిది, ఆరు, ఆరు, ఆరు." జేజి చేతిలో సంగటి ముద్ద పులుసు గిన్నె మీదనే ఆగిపోయింది. "మళ్లీ చెప్పురా" అంది. నాయన మళ్లీ చెప్పాడు. జేజి ముద్దను గిన్నెలో వదిలేసి చేయి కడుక్కుంది.

మా వాళ్లు కానివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా లేఖనాల చివరి భాగంలో, అంత్యకాలంలో ఒక మృగం వస్తుందని, అది మనుషులకు తన ముద్ర వేస్తుందని, దాని సంఖ్య ఆరు ఆరు ఆరు అని ఉంది. తొమ్మిదీ ఎనిమిదీ నమ్మని మా మిషన్ కుటుంబాలు ఈ సంఖ్య పేరెత్తితే మాత్రం వణికిపోతాయి. జేజి అయితే అంగట్లో సరుకుల బిల్లు ఆ సంఖ్యకు వస్తే అవసరం లేకపోయినా ఒక అగ్గిపెట్టె కొని లెక్క తప్పించేది. (అటువంటి అగ్గిపెట్టెలు మా వంటింట్లో ఒక డబ్బా నిండా ఉండేవి.)

"ముందర తొమ్మిది ఉండాది గదమ్మా. అప్పుడు అది ఆరు వందల అరవై ఆరు ఎట్లయితాది?" అన్నాడు నాయన.

"తోడేలు ముందర మేకను కట్టేస్తే అది తోడేలు గాకుండా పోతాదా" అంది జేజి.

నాయనకు లెక్కల మాస్టారు పూనాడు. ఆరు చాలా మంచి సంఖ్య అనీ, దాన్ని భాగించే ఒకటీ రెండూ మూడూ కూడితే మళ్లీ ఆరే వస్తుందనీ, లెక్కల్లో అటువంటివాటిని పరిపూర్ణ సంఖ్యలంటారనీ చెప్పబోయాడు. "నువ్వు రిటైరైనావు గదా. ఇంగ చెప్పబాక" అని జేజి ఆయన్ని మధ్యలోనే ఆపి తీర్పు చెప్పేసింది. ఆ బండి గేటు లోపల ఉండకూడదు. దాని వీపు మీద తన మనవరాలు ఎక్కకూడదు. ఒకటో తేదీ నా నెత్తి మీదికి వస్తోందని చెప్పినా వినలేదు. ఆ రాత్రికి రాత్రే స్కూటరు గోడకవతలి కువైట్ అక్క వాకిట్లోకి మారింది. (ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. సంగతి విని ఆమె, "పాపం, దానికేం తెలుసు" అని బండి మీద పాత దుప్పటి కప్పింది.)

మరునాడు అయ్యగారు వచ్చారు. నేనే బతిమాలుకుని పిలిపించాను. ఆయన కూడా నా పక్షమే. టీ గ్లాసు చేతిలోకి తీసుకుని నిదానంగా, "అమ్మగారూ, ఆ ముద్ర నొసటి మీద గానీ కుడి చేతి మీద గానీ ఏస్తారనే గదా రాసుండేది. బండి వెనకాల ఏస్తారని యాడా లేదు" అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. జేజి ఆయన కుడి చేతి వైపు చూసింది. తర్వాత, "ఆ బండిని ఉరికించేది ఏ చేత్తో అయ్యగారూ? కుడి చేత్తోనే గదా తిప్పేది. నొసటి మీదికి హెల్మెట్ దించమని గవర్మెంటే గదా చెప్తాంది" అంది. అయ్యగారు టీ తాగి లేచారు. వీధి మలుపు దగ్గర ఆయన తన మోటారు సైకిలు ఆపి, దిగి, వంగి వెనక నంబరు చూసుకోవడం మా మిద్దె మీది నుంచి నాకు కనపడింది.

ఇక మిగిలింది రవాణా ఆఫీసు. నంబరు మార్పిస్తే సరిపోతుందని నాయన ధైర్యం చెప్పాడు. మేము ముగ్గురం ఆటోలో పోయాం. జేజి ఆటో ఎక్కే ముందు దాని చుట్టూ తిరిగి నంబరు చదువుకుని గానీ ఎక్కలేదు. ఆఫీసు బయట చెట్టు నీడలో సంచి మామ ఉంటాడు. ఫారాలు నింపడం, ఫోటోలు అంటించడం, ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పడం ఆయన పని. గోందు, పెన్సిలు, గుండుసూదులు, మూరెడు దారం, అన్నీ భుజాన ఉండే ఒక గుడ్డ సంచిలోనే. నాయన దగ్గర చదువుకున్నవాడే కాబట్టి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సంగతంతా విని జేజికి ధైర్యం చెప్పాలనుకున్నాడు పాపం. "ఏం భయపడబాక జేజీ. ఒకసారి పడినాక ఆ నంబరు పుట్టుమచ్చ మాదిరి, బండి తుక్కు కింద పొయ్యేదాకా అదే. అది మంచిదే. ఆ నంబరు లేకపోతే ఇంగ అమ్మేదానికి లేదు, కొనేదానికి లేదు" అన్నాడు.

జేజి అక్కడున్న రాతి అరుగు మీద కూలబడింది. ఎందుకంటే మృగం వచ్చినప్పుడు దాని ముద్ర లేనివాళ్లు అమ్మడానికీ కొనడానికీ వీలుండదని లేఖనంలో కూడా ఉంది. అదే మాట సంచి భుజాన వేసుకున్న మనిషి నోటి నుంచి, రవాణా ఆఫీసు ముందర, పట్టపగలు వినేసరికి ఆమెకు చెమటలు పట్టాయి. సంచి మామ తాను చేసిన తప్పేమిటో తెలియక గోలీ సోడా తేవడానికి పరుగెత్తాడు.

ఆ అరుగు మీదనే ఇంకొకాయన తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పులివెందుల వైపు రైతు, చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలున్నవాడు. ప్రొద్దుటూరులో కాపురమున్న కొడుకు పేరు మీద కారు కొన్నాడు. నంబరు కూడితే ఎనిమిది వచ్చింది. శనిది ఆ అంకె అని సిద్ధాంతి చెప్పినప్పటి నుంచీ కారుకు పరదా కట్టి ఇంట్లో పెట్టుకున్నాడట. ఆయన మా గోడు అంతా విని, వేళ్ల మీద లెక్క వేసి, గబుక్కున నా వైపు తిరిగాడు. "తొమ్మిది, మూడు ఆరులు. ఇరవై ఏడు. రెండూ ఏడూ తొమ్మిది. అమ్మా, ఇట్లాంటి నంబరు కోసరం నేను దేవునికి గుండు గూడా మొక్కుకున్న్యా. నీకొద్దా ఇది?" అన్నాడు.

"మాకొద్దు" అంది జేజి సోడా తాగుతూ.

"నాకు గావల్ల" అన్నాడు చీనీ మామ.

ఇంత సులువుగా తెగిపోయిన బేరం ప్రొద్దుటూరులో ఇంకొకటి జరిగి ఉండదు. అందరం కలిసి లోపలికి పోయాం. ఆఫీసరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. మా మాట ఆయనకు కొంచెం మొరటుగా వినపడేదనుకుంటాను, ప్రతి ముక్కకూ కళ్లు చికిలించేవారు. చీనీ మామ చెప్పింది, జేజి చెప్పింది, మధ్యలో నాయన చెప్పిన పరిపూర్ణ సంఖ్య, అన్నీ ఓపిగ్గా విన్నారు.

"అంటే మీ నంబరు ఈయనకి, ఈయన నంబరు మీకు ఇచ్చేయమంటారు. కానీ ఈయనది కారండి, మీది స్కూటరండి."

"అయితే ఏం సార్? నంబరుకు చక్రాలుంటాయా" అన్నాడు చీనీ మామ.

"ఉండవనుకోండి. కానీ మార్చడం నా చేతిలో లేదండి. నంబరు ఇచ్చేది నేను కాదు, కంప్యూటరు."

అంతవరకూ కుర్చీ అంచున కూర్చున్న జేజి ముందుకు వంగింది. "ఆ కంప్యూటర్ యాడుంటాది నాయనా?" అని అడిగింది.

"ఇక్కడ ఉండదమ్మా. ఎక్కడో పెద్ద ఆఫీసులో ఉంటుంది."

"నువ్వు చూసినావా?"

"లేదమ్మా."

"విన్నారా" అంది జేజి మా అందరి వైపు తిరిగి. "యాడనో కూచోని అందరికీ నంబర్లు ఏస్తాంది. దాన్ని చూసినోడు ఎవుడూ లేడు."

ఆఫీసరుగారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన నవ్వు ఆపుకున్నారో, నిజంగానే ఆలోచనలో పడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు. "మంచి నంబరు కావాలని వచ్చినవాళ్లని చూశానమ్మా. కంప్యూటరు మీదే అనుమానపడ్డవాళ్లని మాత్రం చూడలేదు" అని, మా అందరికీ మంచినీళ్లు ఇప్పించి పంపించారు.

బయటికి వచ్చాక సంచి మామకు ఒక ఉపాయం తట్టింది. నంబరు ప్లేటును తలకిందులుగా బిగిస్తే సరి, ఆరులన్నీ తొమ్మిదులైపోతాయి. నాయన పుల్ల తీసుకుని మట్టిలో రాసి చూశాడు. తొమ్మిది తొమ్మిది తొమ్మిది ఆరు. అంతసేపట్లో మొదటిసారి జేజి ముఖం విప్పారింది. ఒక్క ఆరుకు ఎవరు భయపడతారు? చీనీ మామ మాత్రం అలవాటు కొద్దీ కూడాడు. "ముప్పై మూడు. మూడూ మూడూ ఆరు. మళ్లీ అదే వచ్చె గదమ్మా" అన్నాడు దిగులుగా. అందరి తలలూ వాలిపోయాయి. ముందున్న అక్షరాలు కూడా తలకిందులవుతాయనీ, పోలీసులు ఊరుకోరనీ వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. నేను చెప్పాను, ఎవరూ వినలేదు. చీనీ మామ పోతూ పోతూ నా తల మీద చేయి పెట్టి, "అదృష్టం వచ్చి వాకిట్లో నిలబడింటే తలుపేసుకుంటాండారమ్మా మీరు" అని నిట్టూర్చాడు.

షోరూము వాళ్లు వచ్చి నంబరు ప్లేటు బిగించేశారు. బండి కువైట్ అక్క వాకిట్లో దుప్పటి కింద ఉండిపోయింది. ఒకటో తేదీ రానే వచ్చింది. పొద్దున్నే చీర కట్టుకుని, క్యారియరు పట్టుకుని, గుమ్మంలో కూర్చున్నాను. బస్సు పట్టుకుని, ఆటో నిండేదాకా ఆగి, బెల్లుకు ముందు చేరడం మనిషివల్ల అయ్యే పని కాదు. గోడకవతల బండి ఉంది. నా చేతిలో తాళం చెవి ఉంది. జేజి మాట జవదాటే ధైర్యం లేదు. లోపల గడియారం ముల్లు నడుస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. చిన్నగా మొదలుపెట్టినదాన్ని, వీధిలో వాళ్లు తొంగిచూసేంతగా ఏడ్చాను. "జేజీ, మృగం వచ్చేది ఎప్పుడో నాకు తెలీదు. బెల్లు మాత్రం తొమ్మిదికి కొడతారు" అన్నాను.

జేజి లేచి లోపలికి పోయింది. ప్రార్థనకు కూర్చుందనుకున్నాను, ఇక ఆశ వదులుకున్నాను. ఆమె బయటికి వచ్చేసరికి ఆదివారం కట్టుకునే తెల్లచీరలో ఉంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచి.

"పద" అంది.

"యాడికి?"

"నీ బడికాడికి. నువ్వు ముందర కూచో. నేను వెనకాల, ఆ నంబరుకు సరిగ్గా మీద కూచుంటా. అది లేస్తే నా కింద నుంచే గదా లేయల్ల. నిన్ను ముట్టుకునే ముందర నాతో తేల్చుకోని పోవల్ల."

దుప్పటి తీసి, బండి ఎక్కి, జేజి కొంగు వెనక్కి జారవిడిచి ప్లేటును పూర్తిగా కప్పేసింది. నేను ముందుకు జరిగి, దాదాపు హ్యాండిల్ మీద కూర్చున్నట్టుగా కూర్చున్నాను, ఆమెకు చోటు చాలాలి గదా. పెన్నా వంతెన మీద ఆమె నా చెవిలో కీర్తన మొదలుపెట్టింది. ఎర్రగుంట్ల చేరేలోపు నాపరాళ్ల లారీలు రేపిన దుమ్ముకు తెల్లచీర బూడిద రంగుకు తిరిగింది, కీర్తన మాత్రం ఆగలేదు. కూడలిలో పోలీసాయన చేయి అడ్డం పెట్టి, "అవ్వా, ఆ కొంగు రొంత పక్కకు తియ్యి, నంబరు కనపడల్ల" అన్నాడు. "కనపడితే నీకే మంచిది గాదు నాయనా" అంది జేజి, ఎంతో జాలిగా. ఆయన ఒక క్షణం ఆమెను, ఒక క్షణం నన్ను చూసి, పొమ్మని చేయి ఊపాడు. బెల్లు కొట్టే అటెండరు ఇంకా సుత్తి వెతుక్కుంటున్నప్పుడే మేము బడిలో ఉన్నాం.

"ఎవురు ఈమె?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"మా జేజి మేడం. కాపలాకు వచ్చింది" అన్నాను. అంతకంటే ఏమి చెప్పగలను?

జేజి ఆ రోజంతా వరండాలో, బండి కనపడేట్టు కూర్చుంది. మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. కొన్నాళ్లకు హెడ్‌మిస్ట్రెస్ ఒక కుర్చీ వేయించింది. ఇంకొన్నాళ్లకు, చిన్నపిల్లల టీచరు రాని రోజుల్లో ఆ తరగతిని జేజికి అప్పగించడం మొదలైంది. ఆమె మా లేఖనాల్లోని సింహాల గుహ కథ చెబితే పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీ హారన్ కూడా ఆ పిల్లలకు వినపడేది కాదు. నా ఉద్యోగం నిలిచింది. ఆలస్యం అనే మాట మళ్లీ నా పేరు పక్కన రాలేదు.

సంవత్సరం తిరిగాక నేనే అన్నాను. "జేజీ, ఇన్నాళ్లూ ఏమీ కాలేదు గదా. నీకు నడుము నొప్పి. ఇంగ నేనొక్కదాన్నే పోతాలే."

"ఏమీ కాలేదంటే ఎందుకు కాలేదనుకుంటాండావు? నేను కూచున్న్యా గాబట్టి" అంది. తర్వాత ఎటో చూస్తూ, మెల్లగా అంది. "ఈ పల్లెలన్నీ దేవుని వాక్యం చెప్పేదానికి నడిచి తిరిగినదాన్ని పాపా, నీ వయసులో. కాళ్లు బొబ్బలెక్కేవి. ఒక ఊరి నుంచి ఒక ఊరికి పోవల్లంటే పొద్దు గూకేది. బండి మీద ఈ ఊర్లన్నీ ఇంత బిన్నా, కన్ను మూసి తెరిచేలోపల అయిపోతాయని తెలీదు."

అప్పుడు నాకు అర్థమైంది. కొన్ని ఊళ్ల దగ్గర "ఈడ రొంత నిలుపు" అని ఆమె ఎందుకు అడిగేదో, ఏ చింతచెట్టు వైపో, ఏ పాత బావి వైపో చూసి మళ్లీ ఎందుకు పొమ్మనేదో. మృగం సంగతి ఆమె ఎంతవరకు నమ్మిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మరునాడు పొద్దున నేను దుప్పటి తీసేసరికే ఆమె గొడుగుతో గోడ దగ్గర నిలబడి ఉంది. అట్లా నాలుగేళ్లు, ఇక లేవలేని రోజు వచ్చేదాకా నా వెనక కాపలా కాసింది.

జేజి పోయింది. నేను ఇప్పుడు ప్రభుత్వ బడిలో చేస్తున్నాను. స్కూటరు రంగు వెలిసిపోయింది గానీ నడుస్తోంది. వెనక నంబరు అందరికీ కనపడుతూనే ఉంది, టోటలు తొమ్మిది, భలే నంబరు అని పెట్రోలు బంకులో ఎవరో ఒకరు మెచ్చుకుంటూనే ఉంటారు. నేను మాత్రం ఒక్కదాన్నే పోతున్నా సీటు అంచుకు, హ్యాండిల్ మీద పడినట్టు కూర్చుంటాను. ఇంత సీటు ఖాళీగా ఉండగా ఎందుకట్లా ఇరుక్కుంటావని మా ఆయన ఎప్పుడూ అడుగుతాడు. అలవాటు అంటాను. అసలు సంగతి ఆయనకు చెప్పొచ్చు. చెబితే నవ్వుతాడు, ఆయన నవ్వితే నాకూ నవ్వొస్తుంది, ఆ తర్వాత కాసేపు నేను బండి నడపలేను.